గడప మీద కూర్చున్నవాడు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. ఆదోని నుంచి, నంద్యాల నుంచి, ఇంకా గుత్తి, అనంతపురం వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు, మీకు ప్రత్యేకంగా వందనాలు. నేను పాస్టర్‌ను కాదు. కర్నూలు పాతబస్తీలో పుట్టి పెరిగినవాణ్ణి, సంఘంలో యూత్‌తో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నవాణ్ణి. ఆపదలో స్నేహితుడు చెప్పే మాట గురించి మాట్లాడమన్నారు. అది వినగానే నాకు ఒక్క మనిషే గుర్తుకొచ్చాడు, ఆయనతోనే మొదలుపెడతా.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి, శుక్రవారం. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. పైనుంచి తుంగభద్ర, ఇటు పక్క హంద్రీ, కింద శ్రీశైలం జలాశయం నిండిపోయి నీళ్ళు వెనక్కి తన్నడం, మూడూ ఒకేసారి జరిగాయి. 19 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కేసి కట్టిన శ్రీశైలం డ్యామ్‌కు 25 లక్షలకు పైగా వచ్చిందని తర్వాత చెప్పారు. ఆ పొద్దున మాకు ఈ లెక్కలేవీ తెలీవు. తెలిసిందల్లా వాన పడుతోంది, కరెంటు లేదు, వీధి చివర నీళ్ళు కనిపిస్తున్నాయి.

మా నాయన కదల్లేదు. "తుంగభద్రకు నీళ్ళు రావడం మేం చూడలేదా? వస్తాయి, పోతాయి. ప్రభువు చూసుకుంటాడు" అన్నాడు. ఆ మాటలో విశ్వాసం లేదని నేనను, ఉంది. కానీ జేజిని మంచం మీదనుంచి లేపి, ఇల్లు వదిలి, ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలంటే ఆయనకు మనసొప్పలేదు, అది కూడా ఆ మాటలోనే కలిసి ఉంది. మన మాటల్లో విశ్వాసమూ మొండితనమూ అట్లా కలిసే ఉంటాయి, ఏది ఎంతో మనకే తెలీదు.

అప్పుడు వచ్చాడు నా స్నేహితుడు. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, తలమీద యూరియా సంచి కప్పుకొని. వాళ్ళిల్లు ఎత్తు మీద ఉంది, వాడికి ఏ భయమూ లేదు, రావాల్సిన పనీ లేదు. మా నాయనతో, "చిన్నాయనా, లేయండి, మా ఇంటికి పోదాం" అన్నాడు. నాయన మళ్ళీ అదే మాట. వాడు వాదించలేదు. తడిసిన బట్టలతో మా గడప మీద కూర్చున్నాడు. "సరే చిన్నాయనా. మీరు కదిలేదాకా నేనూ ఈడ్నే కూచుంటా. నీళ్ళొస్తే నాకూ వస్తాయి" అన్నాడు.

అంతే. ఇంకేం మాట్లాడలేదు. ఐదు నిమిషాలో, పది నిమిషాలో, నాకు చాలాసేపు అనిపించింది. వాడి కాళ్ళ దగ్గర వీధి కాలవ పొంగి మొదటి మెట్టు తడవడం చూశాడు మా నాయన. లేచి, బీరువాలోంచి ఇంటి కాగితాలు తీసి, బైబిల్‌తోపాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టాడు. జేజిని వాడే వీపుమీద ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత మా వీధిలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పాతబస్తీ వాళ్ళను అడగండి, మా ఇంటి గోడమీద బురద గీత మా నాయన తలకంటే పైన ఉండింది. చాన్నాళ్ళు దాన్ని తుడవనీయలేదు ఆయన.

నేను ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నది ఒక్కటే. వాడికంటే ముందు ఇద్దరు ముగ్గురు అదే మాట చెప్పి పోయారు, "పోండి, పోండి" అని. మాట ఒకటే, మరి వాడి మాట ఎందుకు పనిచేసింది? వాడు తన ప్రాణాన్ని ఆ మాట పక్కన పెట్టాడు కాబట్టి. ఇంకొకటి కూడా ఉంది. వాడు వరద రోజు మాత్రమే వచ్చినవాడు కాదు. మా జేజికి మందులు తెచ్చిచ్చిన పిల్లోడు, క్రిస్మస్‌కు మా ఇంటికి సున్నం కొట్టిన పిల్లోడు. ఆపదలో నోరు తెరిచే హక్కు వాడు ఏనాడో సంపాదించుకున్నాడు. నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఇదే, మిగతా అంతా దీని చుట్టే తిరుగుతుంది.

ఇప్పుడు బైబిల్లోకి రండి. 1 సమూయేలు 25వ అధ్యాయం. ఈ అధ్యాయం చదివినప్పుడల్లా ఇది మన సీమలో జరిగిన కథే అనిపిస్తుంది నాకు. నాబాలు అని ఒక ఆసామి, మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు. ఉన్ని కత్తిరించే రోజులు, అంటే ఇంట్లో పండగ. దావీదు మనుషులు ఆ గొర్రెల కాపరులకు అడవిలో కాపలా ఉన్నారు, ఒక్క గొర్రె పోకుండా చూశారు. పండగ పూట మాకూ ఏదైనా ఇప్పించమని పది మందిని పంపితే, నాబాలు "దావీదు ఎవడు? యెష్షయి కొడుకు ఎవడు?" అన్నాడు. మన దగ్గర ఈ మాటకు అర్థం వివరించక్కర్లేదు. "ఎవర్రా వాడు" అన్న ఒక్క మాట మీద ఎన్ని ఊళ్ళు రెండు ముక్కలయ్యాయో, ఎంతమంది ఆడవాళ్ళు పసుపు కుంకుమ పోగొట్టుకున్నారో, ఎన్ని ఇళ్ళల్లో మగపిల్లల్ని దూరం ఊళ్ళకు పంపి చదివించుకున్నారో ఫ్యాక్షన్ చూసిన ఊళ్ళ పెద్దవాళ్ళకు తెలుసు.

దావీదు ఒకటే అన్నాడు, కత్తులు కట్టుకోండి అని. నాలుగు వందల మంది కట్టుకున్నారు. ఇక్కడ ఒక్కసారి ఆగండి. నాలుగు వందల మంది! ఆ నాలుగు వందల్లో "అన్నా, ఒక్క నిమిషం" అన్నవాడు ఒక్కడు లేడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, దావీదు కోసం ప్రాణం ఇచ్చేవాళ్ళే. ప్రాణం ఇచ్చేవాళ్ళు దొరకడం కష్టం కాదు తమ్ముళ్ళూ, మన ప్రాంతంలో అసలు కష్టం కాదు. "నువ్వు ఊ అను అన్నా, మిగతాది మేం చూసుకుంటాం" అనేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. వెళ్ళే కాలికి అడ్డం పడేవాడే దొరకడు.

అడ్డం పడింది నాబాలు భార్య అబీగయీలు. ఆమె దావీదుకు స్నేహితురాలు కూడా కాదు, అంతకుముందు ముఖం చూసినట్టు కూడా లేదు. స్నేహితులు చేయాల్సిన పని ఆమె చేసింది. కానీ ఆమెకంటే ముందు ఇంకొకడున్నాడు, అతన్ని మనం మర్చిపోతాం. పనివాడు. పేరు కూడా లేదు. ఆమె దగ్గరికి పరుగెత్తి వచ్చి జరిగిందంతా చెప్పి, మన యజమానితో ఎవరూ మాట్లాడలేరమ్మా అంటాడు, ఎంత దుర్మార్గుడంటే అతనితో మాట్లాడటమే కుదరదని. చూడండి, నాబాలుకు ఉన్న అసలు కరువు అది. మూడు వేల గొర్రెలున్నాయి, మంచిమాట చెప్పగలిగే ఒక్క మనిషి లేడు. నోరు తెరిస్తే తిడతాడని ఇంట్లోవాళ్ళంతా నోరు మూసుకున్నారు. మన ఇంట్లో మనం అట్లా ఉన్నామేమో చూసుకోవాలి, ముఖ్యంగా ఇంటి పెద్దలం.

ఆమె ఏం చేసింది? రెండు వందల రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన గొర్రెలు ఐదు, వేయించిన ధాన్యం, ఎండుద్రాక్షలు, అత్తిపండ్ల ముద్దలు గాడిదల మీద వేయించుకొని కొండ చాటున దిగి ఎదురువెళ్ళింది. ఆకలితో కోపంగా ఉన్నవాళ్ళ దగ్గరికి అన్నం తీసుకొని పోయింది, మాటలు ఆ తర్వాత. ఆ మాటల్లో తెలివి చూడండి. నువ్వు తప్పు చేస్తున్నావు అని మొదలుపెట్టలేదు. రేపు దేవుడు నిన్ను రాజును చేసినప్పుడు, ఊరికే రక్తం చిందించాను, నా పగ నేనే తీర్చుకున్నాను అన్న బాధ నీ గుండెలో ఉండకూడదు కదా అని చెప్పింది. ఈ రోజు కోపంలో ఉన్నవాడికి రేపటి తనను తాను చూపించింది. దావీదు చల్లబడ్డాడు, నువ్వు రాకపోయుంటే తెల్లారేసరికి ఆ ఇంట్లో ఒక్క మగవాడు మిగిలేవాడు కాదని తనే ఒప్పుకున్నాడు, ఆమె బుద్ధిని దీవించాడు.

ఇంకొక చిన్న సంగతి ఉంది, దీన్ని మీరు తప్పకుండా పట్టుకెళ్ళాలి. ఇంటికొచ్చేసరికి నాబాలు తాగి మత్తులో ఉన్నాడు. ఆ రాత్రి ఆమె అతనికి ఒక్క ముక్క చెప్పలేదు. తెల్లారి మత్తు దిగాక చెప్పింది. కోపంలో ఉన్న దావీదు దగ్గరికి క్షణం ఆలస్యం చేయకుండా పోయింది, ఎందుకంటే అక్కడ ఆలస్యమైతే పీనుగలు లేస్తాయి. తాగినవాడి దగ్గర తెల్లారేదాకా ఆగింది. ఒకే రోజు, ఒకే మనిషి, రెండు చోట్లా రెండు పద్ధతులు. మనం ఏం చేస్తాం? తాగొచ్చిన తమ్ముడికి రాత్రి పదకొండు గంటలకు వాక్యం చెప్తాం, కత్తి పట్టుకున్నవాడి దగ్గరికి మాత్రం రేపు పోదాంలే అంటాం.

సలహా చెప్పే ప్రతివాడూ స్నేహితుడు కాదు, ఇది కూడా సమూయేలు గ్రంథంలోనే ఉంది. దావీదు రాజయ్యాక, ఆయన కొడుకు అమ్నోనుకు ఒక స్నేహితుడు, యెహోనాదాబు. స్నేహితుడు అనే మాటే వాడింది బైబిల్, ఆ వెంటనే బహు కపటం గలవాడని కూడా రాసింది. రాజు కొడుకు చిక్కిపోతున్నాడని జాలిగా అడిగాడు, మనసులో మాట చెప్పించుకున్నాడు, తర్వాత ఒక ప్లాన్ చెప్పాడు. ఆ ప్లాన్‌తో తామారు అనే ఆడపిల్ల జీవితం నాశనమైంది. రెండేళ్ళకు అమ్నోను హత్య అయిపోయాడు. అప్పుడు యెహోనాదాబు ఎక్కడున్నాడు? రాజు పక్కనే నిలబడి, రాజకుమారులందరూ చావలేదులే, అమ్నోను ఒక్కడే చచ్చాడు అని వార్త చెప్తున్నాడు. వాడికి ఏమీ కాలేదు. బెట్టింగ్ యాప్ ఫోన్‌లో వేసిచ్చి "ఒక్కసారి ట్రై చెయ్ మామా" అన్నవాడు, నువ్వు మునిగాక ఎక్కడ ఉంటాడో చూసుకో. నీకు ఒక మాట చెప్పి, ఆ మాట వల్ల తనకు ఏ నష్టమూ రాని చోట నిలబడ్డవాణ్ణి కొంచెం దూరంగా పెట్టు.

సౌలు రాజు కొడుకు, దావీదు స్నేహితుడు యోనాతాను గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం. మీ నాయన నన్ను చంపాలని చూస్తున్నాడని దావీదు చెప్పినప్పుడు యోనాతాను నమ్మలేదు. మా నాయన నాకు చెప్పకుండా ఏదీ చేయడు అన్నాడు. నమ్మకపోయినా కొట్టిపారేయలేదు. నీకేం కావాలో చెప్పు, చేస్తాను అన్నాడు. పండగ భోజనం దగ్గర తండ్రి ముఖం చూసి, తనమీదికే ఈటె విసిరితే చూసి, నిజం తెలుసుకున్నాడు. అప్పుడు పొలంలోకి పోయి, బాణాలు నీకు అవతల ఉన్నాయి అని పిల్లోడితో కేక వేసి, పారిపొమ్మని గుర్తు ఇచ్చాడు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మన సంఘాల్లో ఒక ఆడమనిషి వచ్చి "మా ఆయన కొడుతున్నాడక్కా" అంటే మనం చెప్పే మాట నాకు తెలుసు. సర్దుకోమ్మా, ప్రార్థన చెయ్, ఏ ఇంట్లో లేదు. నేను ఈ మాటలు చెవులారా విన్నాను, ఒకప్పుడు నేను కూడా అన్నాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. నమ్మలేకపోతే యోనాతాను చేసినట్టు పోయి కనుక్కో. ఆమెకు ఆ రాత్రి తలుపు తెరిచే ఇల్లు చూపించు. 181 అని మహిళల హెల్ప్‌లైన్ ఉంది, జిల్లా కేంద్రంలో హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్ ఉంది, ప్రాణం మీదికి వస్తే 112 ఉంది. పారిపోవడం అవిశ్వాసం అనుకునేవాళ్ళకు ఒక మాట: దమస్కులో పౌలును చంపడానికి ద్వారాల దగ్గర కాపు కాస్తుంటే శిష్యులు రాత్రిపూట గంపలో పెట్టి గోడమీదనుంచి దింపేశారు. ఆ తాడు పట్టుకున్నవాళ్ళను అవిశ్వాసులు అంటామా?

అదే పౌలు మీద యెరూషలేములో నలభై మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు, వాణ్ణి చంపేదాకా తినం, తాగం అని. కనిపెట్టింది పౌలు మేనల్లుడు, చిన్న కుర్రాడు. ప్రార్థన కూడికలో విన్నపంగా చెప్పి ఊరుకోలేదు వాడు, రోమా సైనికులు పౌలును ఉంచిన కోటలోకి పోయి మేనమామకు చెప్పాడు, పౌలు శతాధిపతిని పిలిచి, వాణ్ణి ఆ పై అధికారి సహస్రాధిపతి దగ్గరికి పంపాడు, ఆ రాత్రే 200 మంది సైనికులు, 70 మంది గుర్రపు రౌతులు, 200 మంది ఈటెల వాళ్ళతో పౌలు ఊరు దాటాడు. విన్న సంగతి వినాల్సినవాడి చెవిలో వేయడం కూడా స్నేహమే.

ఇప్పుడు కాస్త బరువైన విషయం. అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఇది ఎక్కువ తెలుసు. నా మిత్రుడు ఒకాయన, రైతు. శనక్కాయ వరసగా రెండేళ్ళు పోయింది, బోర్లు ఎండిపోయాయి, బయట అప్పులు. ఒక రోజు ఫోన్‌లో మామూలుగా మాట్లాడుతూ, "ఇంక మనకేముందిలేప్పా, పిల్లోళ్ళను నువ్వు చూసుకోవాల" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు నేను ఏ వచనమూ చెప్పలేదు, దేవుడు నాకు ఆ మాత్రం బుద్ధి ఇచ్చాడు. బండి తీసుకొని వాళ్ళ ఊరికి పోయా. ముఖాముఖీ అడిగా, "చచ్చిపోవాలని ఉందా?" అని. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అడగడం వల్ల పుట్టదు, మోస్తున్నవాడికి దింపుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆయన చాలాసేపు నేల చూశాడు. తర్వాత ఏడ్చాడు. ఇంట్లో ఉన్న పురుగుల మందంతా వాళ్ళ అన్న ఇంటికి మార్చాం. ఆ రాత్రి వాళ్ళ మిద్దె మీద ఇద్దరం పడుకున్నాం, వాళ్ళమ్మ సంగటి ముద్ద, శనక్కాయ చట్నీ పెట్టింది, ఆయన రెండు ముద్దలు తిన్నాడు, ఎన్ని రోజుల తర్వాతో.

ప్రవక్త ఏలీయా గుర్తున్నాడా? ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీ చెట్టు కింద పడుకున్నవాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ తట్టి లేపి, తిను, నీ ప్రయాణం చాలా ఉంది అన్నాడు. మాటలన్నీ తర్వాత హోరేబు కొండ దగ్గర. ఆ తర్వాత దేవుడు అతన్ని ఒంటరిగా వదలకుండా ఎలీషా దగ్గరికి పంపాడు.

పొద్దున్నే నా మిత్రుణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయా. "ప్రార్థన ఉండగా డాక్టర్ ఎందుకు" అన్నవాళ్ళు ఉన్నారు. ఈ సీమకు సువార్త తెచ్చిన లండన్ మిషన్ వాళ్ళే జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి కట్టారు, మన తాతముత్తాతలు ఆ మంచాల మీద బతికి బయటపడ్డారు, ప్రార్థనకూ మందుకూ అప్పుడు లేని గొడవ ఇప్పుడెందుకు? మానసిక సాయం కోసం టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది, ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు ఇప్పుడే మీ ఫోన్లలో సేవ్ చేసుకోండి, నేను ఆగుతా.

చేసుకున్నారా? సరే.

చివరగా, మీ మాట వినకపోతే? ఇది అడుగుతారని తెలుసు. అపొస్తలుల కార్యములు 21. కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకొని తన కాళ్ళూ చేతులూ కట్టుకొని, యెరూషలేములో ఈ నడికట్టు గలవాడికి ఇట్లా జరుగుతుందన్నాడు. అప్పుడు అందరూ పోవద్దని బతిమాలారు. అందరూ అంటే ఎవరు? ఈ పుస్తకం రాసిన లూకా అక్కడ "మేము" అని రాస్తాడు. అంటే బతిమాలినవాళ్ళలో తనూ ఉన్నాడు. పౌలు వినలేదు, మీరు ఏడ్చి నా గుండె బద్దలు చేస్తారెందుకు అన్నాడు. వాళ్ళు, ప్రభువు చిత్తం జరుగునుగాక అని ఊరుకున్నారు. ఇప్పుడు కిందికి రండి, ఆ వెంటనే వచ్చే వచనం. యెరూషలేముకు బయలుదేరినప్పుడు కూడా లూకా "మేము" అనే రాశాడు! వద్దన్నవాడు వెంట పోయాడు. ఇటలీకి ఓడ ఎక్కినప్పుడూ మేమే, ఓడ బద్దలైనప్పుడూ మేమే. చివరికి పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో, అందరూ పోయారు, లూకా మాత్రమే నా దగ్గర ఉన్నాడు అంటాడు.

నా గడప మీద కూర్చున్న ఆ స్నేహితుడి మాట నేనూ ఒకసారి పెడచెవిన పెట్టా. ఒక చిట్టీలో డబ్బు పెట్టొద్దని మూడుసార్లు చెప్పాడు. పెట్టా. ఆ చిట్టీ నడిపినవాళ్ళు రాత్రికి రాత్రి తాళం వేసి పోయారు, మా చెల్లెలి పెళ్ళికి దాచిన డబ్బు అది. నేను రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే వాడు గడప మీద కూర్చొని ఉన్నాడు, అదే గడప. చేతిలో స్టీల్ క్యారియర్, అందులో వాళ్ళమ్మ చేసిన ఉగ్గాని, బజ్జీ. నేను చెప్పలేదా అంటాడేమోనని కాచుకొని ఉన్నా. వాడు క్యారియర్ మూత తీసి నా ముందు పెట్టి, "పెళ్ళికి ఇంకా ఎన్ని రోజులుంది, ఎవరికెంత కట్టాల్నో కాగితం మీద రాయి" అన్నాడు.